సీసాలో మునిగి తేలే స్ట్రా

ఒక లీటరు ప్లాస్టిక్ సీసా, నీళ్లు, జ్యూసు తాగే స్ట్రా, జెమ్ క్లిప్పు, చిటికెడు బంకమట్టి. ఇటలీ శాస్త్రజ్ఞుడు రఫయేల్లో మజియొట్టి 1648లో అచ్చువేసిన ప్రయోగాన్ని వంటింట్లో చేసి చూడటానికి ఇవి చాలు.

మజియొట్టి గెలీలియో శిష్యవర్గానికి చెందినవాడు. ఎంత నొక్కినా నీరు కుదించుకోదని చూపించాలన్నది ఆయన పట్టుదల. నిండా నీళ్లున్న గాజు గొట్టంలో, కింద చిన్న చిల్లున్న గాజు బుడ్డిని తేలేశాడు. గొట్టం మూతిని బొటనవేలితో అదిమితే బుడ్డి దిగేది, వేలు సడలిస్తే పైకొచ్చేది. తర్వాతి కాలం ఈ పరికరానికి ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ పేర 'కార్టీసియన్ డైవర్' అని పేరు పెట్టింది. డెకార్ట్ దీన్ని కనిపెట్టాడనడానికి ఆధారం లేదు. మజియొట్టికి ఇది అన్యాయమే.

ఇంట్లో చేసేవారు స్ట్రా ముక్కను మధ్యకు మడిచి, రెండు కొసలనూ క్లిప్పుతో కలిపి, క్లిప్పుకు బంకమట్టి అంటించాలి. కొసలు మాత్రం మూసుకుపోకూడదు. ముందు గ్లాసు నీళ్లలో వేసి, మడత ఒక్కటే పైకి కనిపించేలా తేలేదాకా మట్టిని పెంచుతూ తగ్గిస్తూ చూడాలి. ఓపిక పట్టాల్సింది ఇక్కడే. తర్వాత సీసాను అంచుదాకా నింపి, స్ట్రాను వేసి, మూత బిగించి, పక్కలు నొక్కాలి.

స్ట్రా మునుగుతుంది!

నొక్కుడుకు నీరు లొంగదు, స్ట్రాలోని గాలి లొంగుతుంది. గాలి కుంచించుకున్నంత మేరా కొసల్లోంచి నీళ్లు ఎక్కుతాయి. రంగులేని స్ట్రా అయితే ఆ నీటిమట్టం పెరగడం కంటికే తెలుస్తుంది. లోపలి నీటితో కలిపి చూస్తే స్ట్రా సాంద్రత బయటి నీటిని మించిన క్షణాన, పైకి తోసే బలం చాలక అది కిందికి జారుతుంది.

దాన్ని సీసా మధ్యలో ఆపడం మహా కష్టం. దిగేకొద్దీ పైనున్న నీటి బరువు కూడా గాలిని నొక్కుతుంది, గాలి ఇంకా తగ్గుతుంది. నీటిలో 10 మీటర్ల లోతున, గాలి పీడనానికి తోడు దాదాపు అంతే పీడనం నీటి నుంచి చేరుతుంది. 30 సెంటీమీటర్ల సీసా అడుగున చేరేది అందులో 3 శాతమే. మట్టి తూకం మరీ సున్నితంగా కుదిరిందా, ఆ 3 శాతానికే స్ట్రా చెయ్యి తీసినా లేవదు.

విశాఖ బీచిలో నిలిచిన కురుసుర జలాంతర్గామి 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసింది. 91 మీటర్ల ఆ ఓడ కూడా ట్యాంకుల్లోకి నీళ్లు తీసుకుని మునిగింది, గాలితో ఆ నీళ్లను బయటికి నెట్టి తేలింది. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లే ముందురోజు ఇంట్లో ఒక సీసా నింపి, వాళ్ల చేతికే ఇవ్వండి.