దారి చూపే ప్రశ్నార్థకం

హిందూపురంలో ధర్మవరానికి రైలెక్కిన ప్రయాణికుడు పెనుకొండ వరకు ఒకే దారిలో సాగుతాడు. అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఒకటి నేరుగా ధర్మవరం చేరే పాత మార్గం. రెండవది 2000లో ప్రారంభమైన శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయం స్టేషన్ మీదుగా సాగే మార్గం. రెండింటి గమ్యమూ ధర్మవరమే. కనుక గమ్యం పేరు ఒక్కటే చాలదు. 'ఏ ఊరి మీదుగా' అన్నది కూడా తెలిసినప్పుడే రైలును తగిన పట్టాలపైకి మళ్ళించగలరు. అంతర్జాలంలోనూ ఇటువంటి కూడళ్ళు ఉన్నాయి.

ఒక వెబ్‌సైటును ఒకేసారి వేలమంది తెరిచినప్పుడు ఆ భారాన్ని ఒకే సర్వర్ మోయలేదు. అందుచేత అనేక సర్వర్లను సమకూర్చి, వాటి ముందు లోడ్ బ్యాలెన్సర్‌ను నిలుపుతారు. అది ప్రతి అభ్యర్థననూ పరిశీలించి, ముందుగా ఏర్పరచిన నియమాల ప్రకారం తగిన సర్వర్ల బృందానికి పంపుతుంది.

పరీక్షా ఫలితాల కోసం మీరు తెరిచిన చిరునామా చివరి భాగాన్ని సులభంగా బోధపడడానికి తెలుగులో రాసుకొందాం: 'ఫలితాలు?సంవత్సరం=రెండు&గ్రూపు=ఎంపీసీ'. ప్రశ్నార్థకానికి ముందున్నది మార్గం. తరువాతిది క్వెరీ స్ట్రింగ్. అందులో సమాన చిహ్నానికి ఎడమవైపున పేరు, కుడివైపున విలువ ఉంటాయి. '&' చిహ్నం ఒక జంటను మరొక జంట నుండి వేరు చేస్తుంది. మొదటి, రెండవ సంవత్సరాల విద్యార్థులకు మార్గం ఒక్కటే. వారిని వేరువేరు సర్వర్లకు పంపవలసి వస్తే 'సంవత్సరం' అనే జంటయే ఆధారం.

పద్యంలో పదాల వరుస మారినా విభక్తులను బట్టి అన్వయం కుదురుతుంది. అట్లే ఈ జంటల వరుస మారినా అర్థం సాధారణంగా మారదు. కాబట్టి నియమం క్వెరీ స్ట్రింగ్‌ను మొత్తంగా పోల్చక, కావలసిన జంటను మాత్రమే పోల్చాలి. అమెజాన్ సంస్థ 2016లో ప్రవేశపెట్టిన అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్‌కు ఈ సౌకర్యం 2019లో చేరింది. అందులో మార్గాన్ని పోల్చేటప్పుడు ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి అక్షరాల భేదాన్ని పాటిస్తారు. క్వెరీ స్ట్రింగ్‌కు పాటించరు.

నియమాల క్రమం మరింత ముఖ్యం. వ్యాకరణంలో విశేష విధి సామాన్య విధిని బాధిస్తుంది. లోడ్ బ్యాలెన్సర్‌కు ఆ వివేకం లేదు. పై సాధనంలో నియమాలను తక్కువ సంఖ్య గలదాని నుండి వరుసగా పరీక్షిస్తారు. మొదట సరిపోయినదే అమలవుతుంది. 'ఫలితాలు' అన్నీ ఒకచోటికే పంపాలనే సామాన్య నియమం ముందుంటే, రెండవ సంవత్సరపు విశేష నియమం వంతు ఎన్నటికీ రాదు. ఏదీ సరిపోనప్పుడు చివరనున్న డిఫాల్ట్ నియమం వర్తిస్తుంది.

ఒక హెచ్చరిక మరువరాదు. క్వెరీ స్ట్రింగ్‌ను ఎవరైనా తమ బ్రౌజరులో మార్చి రాయవచ్చు. అది దారి చూపగలదే గాని అనుమతి ఇవ్వజాలదు. ఒకరి మార్కులు మరొకరి కంటబడకుండా సర్వర్ అర్హతను వేరుగా నిర్ధారించాలి. రైలు పెట్టెపై పలక దారిని తెలుపుతుంది. ప్రయాణించే హక్కును ఇచ్చేది టికెట్టే.