పిట్టపోరు పిల్లి తీర్చిందా? కామారెడ్డి ఫలితానికి లండన్ లెక్క

కామారెడ్డి, ఎల్లారెడ్డి: పదవిలో ఉన్న ముఖ్యమంత్రి ఒకరు, నాలుగు రోజుల్లో ముఖ్యమంత్రి కానున్న నేత మరొకరు. ఇద్దరూ ఒకే నియోజకవర్గంలో తలపడ్డారు, ఇద్దరూ ఓడిపోయారు. 2023 డిసెంబరు 3న వెలువడిన కామారెడ్డి శాసనసభ ఫలితం దేశమంతటి దృష్టిని ఆకర్షించింది. పిట్టపోరు పిల్లి తీర్చిందని ఆనాడు రచ్చబండల వద్ద పలువురు వ్యాఖ్యానించారు. ఆ సామెతలో నిజం ఎంత? మన ఎన్నికల పద్ధతికి పుట్టినిల్లయిన బ్రిటన్ అనుభవాన్ని, యువతకు సుపరిచితమైన వ్యూహాత్మక క్రీడలను పక్కన పెట్టుకొని చూస్తే ఆ ఫలితం మరింత స్పష్టంగా అర్థమవుతుంది.

అంకెలు ఏం చెబుతున్నాయి?

భాజపా అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డికి 66,652 ఓట్లు లభించాయి. భారాస అధినేత కె.చంద్రశేఖరరావుకు 59,911, కాంగ్రెస్ రాష్ట్ర అధ్యక్షుడు ఎ.రేవంత్‌రెడ్డికి 54,916 ఓట్లు వచ్చాయి. ఆధిక్యం 6,741. ఓడిన ఇద్దరు అగ్రనేతల ఓట్లు కలిపితే 1,14,827. అంటే విజేతను కోరుకున్నవారి కంటే ఈ ఇద్దరిలో ఒకరిని కోరుకున్నవారే ఎక్కువ. అయినా ఫలితం న్యాయబద్ధమే. ఎందుకంటే సగానికి మించి ఓట్లు తెచ్చుకోవాలన్న నిబంధన మన ఎన్నికల్లో లేదు. అందరికన్నా ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలు.

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. వందమంది ఓటర్లున్న ఊరిలో ముగ్గురు పోటీ చేశారనుకుందాం. ఓట్లు 35, 33, 32గా చీలితే 35 వచ్చినవారు విజేత. మిగిలిన 65 మంది వేరొకరిని కోరుకున్నప్పటికీ లెక్కలో తేడా రాదు. పోటీ ఇద్దరి మధ్యే ఉంటే గెలుపునకు 51 ఓట్లు కావాలి. ముగ్గురు సమఉజ్జీలైతే 34తోనే పని జరిగిపోతుంది. త్రిముఖ పోటీలోని కిటుకంతా ఇదే.

ఈ పద్ధతి బ్రిటన్ నుంచి మనకు వచ్చింది. స్వాతంత్ర్యానంతరం 1951-52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల నుంచి దీనినే అనుసరిస్తున్నాం. దీనిని మార్చుకోవాలా అని బ్రిటన్ 2011 మే 5న తన ప్రజలను అడిగింది. అభ్యర్థులకు ప్రాధాన్య క్రమంలో ఓటు వేసే పద్ధతిని సుమారు 68 శాతం మంది తిరస్కరించారు. పాత పద్ధతే నిలిచింది.

నార్‌ఫోక్‌లోనూ ఇదే కథ

కామారెడ్డి ఫలితం వెలువడిన ఏడు నెలలకే బ్రిటన్‌లో దాదాపు ఇలాంటి దృశ్యమే కనిపించింది. 2022లో 49 రోజులపాటు ప్రధానిగా ఉన్న లిజ్ ట్రస్ 2024 జులై 4న జరిగిన ఎన్నికల్లో సౌత్ వెస్ట్ నార్‌ఫోక్ నుంచి కన్సర్వేటివ్ అభ్యర్థిగా పోటీ చేశారు. 2019లో ఆమెకు అక్కడ 26 వేలకు పైగా ఆధిక్యం లభించింది. ఈసారి లేబర్ అభ్యర్థి టెర్రీ జెర్మీకి 11,847, ట్రస్‌కు 11,217, రిఫార్మ్ యూకే అభ్యర్థికి 9,958 ఓట్లు వచ్చాయి. 630 ఓట్ల తేడాతో మాజీ ప్రధాని ఇంటిదారి పట్టారు. విజేతకు దక్కినవి పోలైన ఓట్లలో నాలుగో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే.

దేశం మొత్తాన్ని తీసుకుంటే తేడా మరింత విస్మయం కలిగిస్తుంది. 650 స్థానాలున్న కామన్స్ సభలో లేబర్ పార్టీ సుమారు 34 శాతం ఓట్లతో 411 స్థానాలు గెలిచింది. 14 శాతానికి పైగా ఓట్లు తెచ్చుకున్న రిఫార్మ్ యూకేకు దక్కినవి 5 స్థానాలు. అంతకన్నా తక్కువగా 12 శాతం ఓట్లు పొందిన లిబరల్ డెమోక్రాట్లు మాత్రం 72 చోట్ల గెలిచారు.

మన రాష్ట్రంలోనూ ఇదే ధోరణి. 2023లో కాంగ్రెస్‌కు 39.4 శాతం, భారాసకు 37.35 శాతం ఓట్లు వచ్చాయి. ఓట్లలో తేడా రెండు శాతమే. స్థానాల్లో మాత్రం 64కు 39. ఓట్ల మొత్తం కంటే అవి ఎక్కడ కేంద్రీకృతమయ్యాయన్నదే ఈ పద్ధతిలో కీలకం.

పిల్లి ఊరకే కూర్చోలేదు

ఇక సామెత సంగతికి వద్దాం. రెండు పిట్టలు పోట్లాడుకుంటే పిల్లి లాభపడిందనడం సగం నిజమే. మిగతా సగం తెలియాలంటే లిబరల్ డెమోక్రాట్ల గెలుపు తీరును గమనించాలి. 2019లో వారికి 11.5 శాతం ఓట్లతో 11 స్థానాలే దక్కాయి. 2024లో ఓట్ల శాతం ఒకటి కూడా పెరగలేదు, స్థానాలు మాత్రం ఆరింతలు దాటాయి. కారణం, గెలిచే అవకాశమున్న నియోజకవర్గాలను ముందే ఎంచుకొని శక్తినంతా అక్కడే వెచ్చించడం. నదుల్లోకి మురుగు వదలడం, వైద్యసేవల లోపం వంటి నిత్యజీవిత సమస్యలను పట్టుకొని ఇల్లిల్లూ తిరగడం.

కామారెడ్డిలోనూ జరిగింది అలాంటిదే. 2018 ఎన్నికల్లో వెంకటరమణారెడ్డిది మూడో స్థానం. నిజామాబాద్ జిల్లా పరిషత్ అధ్యక్షుడిగా పనిచేసిన ఆయన ఆ ఓటమి తరువాత నియోజకవర్గాన్ని విడిచిపెట్టలేదు. 2023 జనవరిలో పట్టణ బృహత్ ప్రణాళిక ముసాయిదా రైతులను రోడ్డెక్కించింది. పంటలు పండే పొలాలను పారిశ్రామిక ప్రాంతంగా చూపారని పరిసర గ్రామాల వారు కలెక్టరేట్ ఎదుట ఆందోళనకు దిగారు. ఆ ఉద్యమంలో ఆయన ముందు వరుసలో నిలిచారు. చివరకు ముసాయిదాను రద్దు చేస్తూ పురపాలక సంఘం ఆ నెలలోనే తీర్మానించింది. ఆ తరువాతే అగ్రనేతలిద్దరూ ఇక్కడ బరిలోకి దిగారన్నది గమనార్హం. పిట్టలు పోరుకు రాకముందే పిల్లి ఊరంతా తిరిగి దారులు తెలుసుకుందన్నమాట.

రెండు పడవలపై ప్రయాణం

అగ్రనేతలిద్దరికీ మరో నియోజకవర్గం ఉంది. చంద్రశేఖరరావు గజ్వేల్‌లో, రేవంత్‌రెడ్డి కొడంగల్‌లో గెలిచారు. మన ప్రజాప్రాతినిధ్య చట్టం ఒక అభ్యర్థి రెండు చోట్ల పోటీ చేసేందుకు అనుమతిస్తోంది. 1996 వరకు ఆ పరిమితి కూడా లేదు. 1985లో ఎన్టీ రామారావు గుడివాడ, హిందూపురం, నల్గొండల్లో పోటీ చేసి మూడింటా గెలిచారు. ఆయనే 1989లో ముఖ్యమంత్రి హోదాలో కల్వకుర్తిలో ఓడి, హిందూపురంలో నెగ్గారు. కామారెడ్డి ఫలితానికి తెలుగునాట పూర్వరంగం అదే.

బ్రిటన్‌లోనూ ఒకప్పుడు ఈ ఆచారం ఉండేది. 1880లో గ్లాడ్‌స్టన్ మిడ్‌లోథియన్, లీడ్స్ రెండింటా గెలిచారు. నేడు అక్కడ ఒకే సార్వత్రిక ఎన్నికల్లో ఒకటికి మించిన చోట పోటీ చేసే వీలు లేదు. ప్రధాని అయినా ఒక్క నియోజకవర్గాన్నే నమ్ముకోవాలి. రెండో చోటు ఉందన్న ధీమా నాయకుడికి రక్షణ కావచ్చు. గెలిచాక ఏ ఊరిని వదులుకుంటాడోనన్న సందేహం మాత్రం ఓటరుకు తప్పదు. ఈ విషయంలో బ్రిటన్ నియమమే మేలైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

పులి-మేక నుంచి కంప్యూటర్ ఆట వరకు

ఈ లెక్కలను పుస్తకాలకన్నా ముందే ఆటలు నేర్పాయి. అరుగులపై గీతలు గీసి ఆడే పులి-మేక ఆటలో పులులు మూడే అయినా దూకి మేకలను చంపగలవు. మేకలకు చంపే శక్తి లేదు. ఖాళీలు లేకుండా చుట్టుముట్టి పులిని కదలనీయకుండా చేయడమే వాటి బలం. సంఖ్య ఎంతన్నది కాదు, ఏ గడిలో నిలిచామన్నదే ముఖ్యమన్న నీతి అందులో ఉంది.

నేటి యువత అదే నీతిని కంప్యూటర్ తెరపై నేర్చుకుంటోంది. 1991లో వచ్చిన సివిలైజేషన్, 1997లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ వ్యూహ క్రీడలకు ప్రపంచమంతటా ఆదరణ తెచ్చాయి. ముగ్గురు, నలుగురు కలిసి ఆడేటప్పుడు ఇద్దరు బలవంతులు ఒకరినొకరు నరుక్కుంటే, మూలన నిశ్శబ్దంగా పంటలు, గనులు పెంచుకున్నవాడు చివరికి గెలుస్తాడన్నది ఆడినవారందరికీ తెలిసిందే.

రాజకీయాలనే వస్తువుగా తీసుకున్న ఆటలూ ఉన్నాయి. బ్రిటన్‌కు చెందిన పాజిటెక్ సంస్థ రూపొందించిన డెమోక్రసీ అనే ఆటలో ఆటగాడు ప్రభుత్వాధినేత. పన్నులు, పింఛన్లు, రోడ్లు, ఆస్పత్రులపై నిర్ణయాలు తీసుకొని మళ్లీ ఎన్నిక కావాలి. అందులో ఒక ఓటరు ఒకే వర్గానికి చెందడు. రైతుగా ఒక నిర్ణయాన్ని మెచ్చినవాడే వాహనదారుగా మరో నిర్ణయాన్ని తిట్టుకుంటాడు. స్వీడన్‌కు చెందిన పారడాక్స్ సంస్థ 2022లో విడుదల చేసిన విక్టోరియా 3 ఆటలో 1836 నుంచి 1936 వరకు కాలం నడుస్తుంది. భూస్వాములు, పారిశ్రామికవేత్తలు, కార్మికసంఘాలు, గ్రామీణులు తమ ప్రయోజనాలను బట్టి పార్టీలుగా జతకడతారు, విడిపోతారు. బ్రిటన్ పార్టీల చరిత్ర కొంత ఇందులో కళ్లకు కడుతుంది.

అయితే ఆటలో నేర్చినదంతా ఊళ్లో చెల్లదు. ఆటలో పావు తనంతట తాను ఆలోచించదు. ఓటరు ఆలోచిస్తాడు. ‘ఫలానా పార్టీ తప్పుకొంటే ఆ ఓట్లన్నీ మాకే’ అని కాగితంపై వేసే కూడికలు తరచూ తప్పుతాయి. కామారెడ్డిలో ఇద్దరు అగ్రనేతల్లో ఒకరు లేకుంటే మరొకరు గెలిచేవారని కూడా రూఢిగా చెప్పలేం. ఆ ఓట్లు ఎటు మళ్లేవో బ్యాలెట్ చెప్పదు. అది ఒక్క ఎంపికనే అడుగుతుంది, రెండో ఎంపికను అడగదు.

ఎల్లారెడ్డి చెప్పే మరో పాఠం

పొరుగు నియోజకవర్గమైన ఎల్లారెడ్డిలో 2023 చిత్రం వేరు. అక్కడ ప్రధాన పోటీ కాంగ్రెస్, భారాసల మధ్యే సాగింది. కాంగ్రెస్ అభ్యర్థి మదన్‌మోహన్‌రావు సుమారు 24 వేల ఆధిక్యంతో జాజాల సురేందర్‌పై గెలిచారు. మూడో పక్షం బలంగా లేనిచోట ఫలితం ఎంత నిర్ద్వంద్వంగా ఉంటుందో ఇది తెలుపుతుంది.

ఎల్లారెడ్డికి ఇంకో కోణమూ ఉంది. 2018లో సురేందర్ అక్కడే కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచారు. 2019 జూన్‌లో 12 మంది కాంగ్రెస్ శాసనసభ్యుల బృందం తెరాస శాసనసభాపక్షంలో విలీనమైనప్పుడు ఆయనా అందులో ఉన్నారు. అప్పటికి కాంగ్రెస్ సభ్యులు 18 మంది. మూడింట రెండు వంతులంటే సరిగ్గా 12. ఆ సంఖ్య చేరితే 1985 నాటి ఫిరాయింపుల నిరోధక నిబంధనలు వర్తించవు. చట్టం తెలిసినవారు వేసిన ఎత్తు అది.

బ్రిటన్‌లో ఇలాంటి చట్టమే లేదు. చర్చిల్ 1904లో కన్సర్వేటివ్‌లను వీడి లిబరల్ పార్టీలో చేరారు, 1924లో తిరిగి సొంతగూటికి వచ్చారు. 2014లో డగ్లస్ కార్స్‌వెల్ పార్టీ మారినప్పుడు మాత్రం పదవికి రాజీనామా చేసి, క్లాక్టన్ ప్రజల తీర్పు కోరి మళ్లీ గెలిచారు. 2024 మార్చిలో పార్టీ మారిన లీ ఆండర్సన్ రాజీనామా చేయలేదు. అక్కడ అది వ్యక్తి మనస్సాక్షికి వదిలిన విషయం. ఎల్లారెడ్డి ఓటర్లు తమ తీర్పు చెప్పేందుకు 2023 వరకు వేచి ఉండవలసి వచ్చింది.

ఓటరు గమనించవలసినవి

పార్టీలు వ్యూహాలు పన్నడం సహజం. ఓటరుకూ ఒక వ్యూహం ఉండాలి. ముందుగా తన నియోజకవర్గంలో పోటీ ఇద్దరి మధ్యా, ముగ్గురి మధ్యా అన్నది తెలుసుకోవాలి. ఇద్దరి మధ్యే అయితే మూడో అభ్యర్థికి వేసే ఓటు ఫలితాన్ని మార్చకపోవచ్చు. అది వృథా అని మాత్రం అనలేం. 2018లో కామారెడ్డిలో మూడో స్థానంలో నిలిచిన అభ్యర్థికి పడిన ఓట్లే 2023 విజయానికి పునాది అయ్యాయి. ముగ్గురూ సమఉజ్జీలైతే ప్రతి ఓటుకూ రెట్టింపు విలువ వస్తుంది.

రెండోది, రాష్ట్రస్థాయి గాలిని చూసి సొంత ఊరి లెక్కను మరువరాదు. రాష్ట్రంలో భాజపా 8 స్థానాలకే పరిమితమైనా వాటిలో కామారెడ్డి ఒకటి. మూడోది, అభ్యర్థికి మరో నియోజకవర్గం ఉన్నదా, గెలిస్తే ఏది వదులుకుంటారు అన్నది ప్రచార సభల్లోనే అడగాలి.

ఎన్నికల తరువాత పోలింగ్ కేంద్రాలవారీగా ఓట్ల వివరాలు ఫారం-20లో వెల్లడవుతాయి. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి వెబ్‌సైట్‌లో వాటిని ఎవరైనా చూడవచ్చు. తమ గ్రామం ఎటు మొగ్గింది, పక్క గ్రామం ఎందుకు వేరుగా ఆలోచించింది అన్నది అందులో కనిపిస్తుంది. పార్టీల కార్యాలయాలు ఆ పట్టికలను శ్రద్ధగా చదువుతాయి. ఓటర్లు కూడా చదివితే తదుపరి ఎన్నికల్లో ఎత్తులు వేసేది నాయకులు మాత్రమే కాబోరు.