నెలనెలా నొప్పి – ఎంతవరకు ఓర్చుకోవాలి?

ఒక సోమవారం మా స్త్రీల ఓ.పి.కి ఒక తల్లి, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న ఆమె కూతురు వచ్చారు. అమ్మాయి బెంచీ మీద మోకాళ్లు పొట్టకు ఆనించుకుని ముడుచుకుని కూర్చుంది. "నెలకు మూడు రోజులు కాలేజీకి పోవడం లేదండి డాక్టరమ్మగారూ. హాస్టల్లో అందరూ నాటకాలంటున్నారట. మా అత్తగారేమో పెళ్లయితే అదే పోతుందిలే అంటారు" అని తల్లి చెప్పుకొచ్చింది. ఈ నొప్పి వల్ల ఒక ప్రాక్టికల్ పరీక్ష కూడా తప్పిపోయిందట. అందుకే వచ్చారు. పరీక్ష తప్పకపోతే వచ్చేవారో కాదో!

అమ్మాయితో విడిగా మాట్లాడాను. నొప్పి మొదటి రోజు విపరీతం. పొత్తికడుపులో మెలిపెట్టి తొడల్లోకి లాగుతుంది. వాంతులు, ఒక్కోసారి విరేచనాలు. మూడో రోజుకు మామూలవుతుంది. "ఏం మందు వేసుకుంటావమ్మా?" అంటే, "ఇక తట్టుకోలేననుకున్నప్పుడు పారాసెటమాల్ సగం ముక్క" అంది.

చాలామంది ఆడపిల్లల్లో ఈ నొప్పికి కారణం జబ్బు కాదు. బహిష్టు సమయంలో గర్భసంచి లోపలి పొర ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను విడుదల చేస్తుంది. వాటివల్ల గర్భసంచి కండరం గట్టిగా ముడుచుకుంటుంది, దానికి రక్తప్రసరణ కాసేపు తగ్గుతుంది. అదే నొప్పి. ఆ రసాయనాలే రక్తంలో కలిసి పేగులను కదిలిస్తాయి కాబట్టి వాంతులు, విరేచనాలు. ఈ ప్రోస్టాగ్లాండిన్ల మీద పరిశోధనకే 1982లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి ఇచ్చారు. అంటే ఇది నాటకం కాదు, సోమరితనం కాదు, శరీరంలో కొలవగలిగిన మార్పు. హాస్టళ్లు చూసేవారు ఈ మాట గుర్తుంచుకుంటే బాగుంటుంది.

మందు సంగతి. మెఫెనమిక్ ఆసిడ్, ఐబుప్రొఫెన్ వంటివి ఈ రసాయనాలు తయారు కాకుండానే ఆపుతాయి. కనుక నొప్పి ముదిరాక వేసుకుంటే ఫలితం తక్కువ. నొప్పి మొదలవుతుండగానే, ఏదైనా తిన్న తరువాత, డాక్టరు చెప్పిన మోతాదులో, మొదటి రెండు మూడు రోజులు వేళ తప్పకుండా వేసుకోవాలి. ఆస్త్మా, కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, గర్భం వచ్చిందేమోనని అనుమానం ఉన్నవారు అడగకుండా వేసుకోకూడదు. మెఫెనమిక్ ఆసిడ్ వల్ల అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చని భారత ఫార్మకోపియా కమిషన్ 2023 చివర్లో హెచ్చరించింది. మందు మొదలుపెట్టిన కొద్ది వారాల్లో జ్వరం, ఒంటినిండా దద్దుర్లు, గ్రంథుల వాపు వస్తే మందు ఆపి వెంటనే ఆసుపత్రికి రావాలి. వేడినీళ్ల సంచి పొట్టమీద పెట్టుకోవడం మంచిదే. పెద్దవాళ్లు చెప్పినవన్నీ తప్పు కావు.

అమ్మాయికి ఈ మందే రాశాను. ఇలా రెండు మూడు నెలలు వాడినా తగ్గకపోతే మళ్లీ రమ్మన్నాను. ఎందుకంటే అప్పుడు వేరే కారణం వెతకాలి.

వాళ్లు లేచి తలుపుదాకా వెళ్లారు. తల్లి ఆగింది. "నాదీ ఒకమాటు చూపించుకుందామనుకున్నానండి..."

ఆమెకు 36 ఏళ్లు. ఇద్దరు పిల్లలయ్యాక కుటుంబ నియంత్రణ ఆపరేషను చేయించుకుంది. నాలుగేళ్లుగా నొప్పి ఏడాదికేడాది పెరుగుతోంది. బహిష్టుకు వారం ముందే మొదలై, అయిపోయాక కూడా ఉంటుంది. ఆ రోజుల్లో విరేచనానికి కూర్చుంటే ప్రాణం పోయినట్టుంటుంది. భర్తతో కలిసినప్పుడు లోపల నొప్పి. ఈ చివరిమాట తలవంచుకుని చెప్పింది. ఒకచోట చూపిస్తే "గర్భసంచి తీసేస్తే పీడ పోతుంది" అన్నారట. అడ్వాన్సు కట్టడానికి గొలుసు తాకట్టు పెట్టింది. తేదీ కూడా ఇచ్చేశారు.

స్కాన్‌లో ఎడమ అండాశయంలో పాత రక్తం నిండిన తిత్తి కనబడింది. దీన్ని చాక్లెట్ సిస్టు అంటాం. జబ్బు పేరు ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం అండాశయాల మీద, పేగుల మీద, గర్భసంచి వెనుక పెరుగుతుంది. పిల్లల్ని కనే వయసులో ఉన్న స్త్రీలలో దాదాపు పదిమందిలో ఒకరికి ఇది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇంత సాధారణమైనదైనా బయటపడటానికి చాలామందికి ఏళ్లు పడుతుంది. స్కాన్ మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదని చెప్పలేం. కొన్నిసార్లు లాప్రోస్కోపీ చేస్తేనే తెలుస్తుంది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. జబ్బు గర్భసంచి బయట ఉంటే, గర్భసంచి ఒక్కటీ తీసేసినంత మాత్రాన నొప్పి పోతుందా? మిగిలిపోయిన జబ్బు మళ్లీ బాధించవచ్చు. దాంతోపాటు రెండు అండాశయాలూ తీస్తే 36 ఏళ్లకే ముట్లు ఆగిపోయి ఒంట్లో ఆవిర్లు, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు పెరగడం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి ముగ్గురికి గర్భసంచి తీసేసి ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మందికి తీశారు. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. గర్భసంచి తీయడం నిజంగా అవసరమైనవారూ ఉన్నారు, మేమూ చేస్తాం. కాని అది మొదటి మందు కాదు.

ఆమెకు డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర రోజుకొకటి రాశాను. హార్మోన్ అనగానే ముఖం మారింది. పండుగకో పెళ్లికో ముట్టు వాయిదా వేసే మాత్రలు ఎవరినీ అడగకుండా షాపులో కొని మింగేస్తాం. నొప్పికి డాక్టరు రాసిన హార్మోన్ మాత్రంటే మాత్రం భయం! మూడు నెలల తరువాత వచ్చినప్పుడు నొప్పి సగానికి పైగా తగ్గిందని చెప్పింది. మెడలో గొలుసు ఉంది.

మరి ఎప్పుడు రావాలి? మందు వేసుకున్నా పని, చదువు ఆగిపోతుంటే రండి. పాతికేళ్లు దాటాక కొత్తగా నొప్పి మొదలైనా, నెలనెలా పెరుగుతున్నా, గడ్డలు పడుతున్నా, పిల్లలు కలగకపోయినా రండి. నొప్పితోపాటు జ్వరం, దుర్వాసనతో తెల్లబట్ట ఉన్నా, బహిష్టు తప్పాక ఒకపక్క తీవ్రమైన నొప్పితో కళ్లు తిరిగినా ఆ రోజే రావాలి. ఇంకొకటి, తల్లులు గమనించాలి. పిల్ల ఇంకా పెద్దమనిషి కాకుండానే నెలకోసారి కడుపునొప్పి అంటుంటే నులిపురుగుల మందుతో సరిపెట్టకండి. దారి మూసుకుపోయి లోపల రక్తం నిలిచిపోతుండవచ్చు. చాలామందికి చిన్న ఆపరేషనుతో సరిపోతుంది.

పెళ్లికాని పిల్లకు లోపలి పరీక్ష చేస్తారేమోనని చాలామంది తల్లులు వెనకాడతారు. మామూలుగా అది అవసరం ఉండదు. పొట్టమీద నుంచే స్కాన్ చేస్తాం, నీళ్లు బాగా తాగి మూత్రం ఆపుకుని వస్తే చాలు. గోడ క్యాలెండరులో ముట్టు వచ్చిన రోజు, నొప్పి ఉన్న రోజులు, వేసుకున్న మాత్రలు రెండు మూడు నెలలు గుర్తుపెట్టి ఆ కాగితాలు తీసుకురండి. అది మాకు సగం పరీక్షతో సమానం. పాత స్కాన్ రిపోర్టులు కూడా మరిచిపోవద్దు. ఆపరేషనుకు తేదీ ఇచ్చినవారు కూడా తెచ్చి చూపించండి.