ఔత్సాహికుని శక్తివర్ధకము

1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన దివిసీమను ముంచివేసినప్పుడు పదివేలకు పైగా ప్రాణములు పోయినవి. తంతిస్తంభములు కూలినవి, దారులు తెగినవి. అచ్చటి గోడు వెలుపలికి చేరుటయే దుర్లభమయ్యెను. తీగ తెగినను మాట తెగరాదను కోరిక కృష్ణాతీరవాసులకు నాటినుండి మరింత సహజము. ప్రభుత్వపరీక్షలో నెగ్గి, లైసెన్సు పొంది, ఇంటనే ప్రసారయంత్రమును నడుపు ఔత్సాహికుని విద్య ఈ కోరికకు తోడ్పడును. విజయవాడలోని అట్టి ఔత్సాహికుడొకడు తన పది వాట్ల యంత్రమునకు వాల్వులతో శక్తివర్ధకమును ఎట్లు నిర్మించుకొనవచ్చునో నేడు విచారింతము.

మొదట లాభమును లెక్కింపవలెను. పది వాట్లను ఎనుబది చేసినంతమాత్రమున అవతలివానికి మాట ఎనిమిదింతలు గట్టిగా వినబడదు. పెరుగుదల తొమ్మిది డెసిబెళ్ళు; గ్రాహకయంత్రపు సూచికపై ఒకటిన్నర మెట్టు మాత్రమే. అయినను ఉరుముల రొదలో మాట తెలియుటకు ఒక్కొక్కప్పుడు ఆపాటియే చాలును. కావున ముందు ఏరియలును సరిచేసికొని, పిమ్మట శక్తిని కోరుట వివేకము. 7 మెగాసైకిళ్ళకు ఇరువది మీటర్ల తీగను మధ్య ఖండించి, అంతగా ఎత్తు లేకుండ అడ్డముగా కట్టినచో, పగటివేళ తరంగములు మీదికి పోయి, ఆకాశపు పొరను తాకి, నాగాయలంకవంటి సమీపస్థలములకే మరలివచ్చును.

ఇక వాల్వు. రెండవ ప్రపంచయుద్ధకాలమున విరివిగా వాడబడిన 807 వాల్వులు రెండింటిని జతగా తీసికొందము. ప్లేటునకు 600 వోల్టులు, తెరగ్రిడ్డునకు 300 వోల్టులు ఇచ్చి, పూర్తిశక్తియందు రెండింటికి కలిపి 200 మిల్లియాంపియర్లు పోనిత్తుము. లోనికి పోవునది 120 వాట్లు. వెలికి వచ్చునది ఎనుబదివరకు. తక్కిన నలుబది వాట్లు వేడిగా మారును. వాల్వునకు 25 వాట్ల చొప్పున సహింపగలవు గనుక హద్దు దాటలేదు. కాని మేనెలలో బెజవాడ ఎండను తలచుకొని, పెట్టెకు గాలిరంధ్రములను, చిన్న విసనకఱ్ఱను అమర్చుట మంచిది.

తరువాత భారము. 600 వోల్టులను ప్రవాహమునకు ఒకటిన్నర రెట్లయిన 0.3 ఆంపియరుతో భాగింపగా 2000 ఓములు వచ్చును. ఏరియలు తీగ కోరునది 50 ఓములు. ఈ రెంటికి పొత్తు కుదుర్చునవి రెండు కండెన్సర్లు, నడుమ ఒక తీగచుట్ట. 7.1 మెగాసైకిళ్ళవద్ద నాణ్యతాంకమును 12గా తీసికొన్నచో, ప్లేటువైపు కండెన్సరు సుమారు 135 పికోఫారడులు, చుట్ట 4.2 మైక్రోహెన్రీలు, ఏరియలువైపు కండెన్సరు 725 పికోఫారడులు కావలెను. ఎత్తున సన్నగా పారు నీటిని పల్లమున వెడల్పుగా పారించునట్టిదే ఈ పని. ప్లేటు వోల్టేజి ఏరియలును చేరకుండ నడుమ గట్టి మైకా కండెన్సరుండవలెను. అది చెడిపోయినను ప్రమాదము రాకుండ ఏరియలువైపునుండి భూమికి ఒక చోకును కలుపవలెను.

807 వాల్వు చపలమైనది. గ్రిడ్డువైపు తీగలకు, ప్లేటువైపు తీగలకు నడుమ రేకుతెర లేనిచో తానే ఊగిసలాడి ఇరుగుపొరుగు గ్రాహకములను బాధించును. ప్రతి వాల్వు గ్రిడ్డునకు చేరువగా చిన్న నిరోధమును కలుపుట దీనికి మందు.

అన్నిటికంటె ముఖ్యమైనది చివర చెప్పుచున్నాను. విద్యుత్తు నాపివేసినను, 20 మైక్రోఫారడుల వడపోత కండెన్సరు 600 వోల్టులను పట్టుకొనియే యుండును. దానికి అడ్డముగా లక్ష ఓముల, పది వాట్ల నిరోధమును శాశ్వతముగా కలిపినచో పది సెకండ్లలో నాలుగు వోల్టులకు దిగిపోవును. అయినను ఆ నిరోధమే తెగియుండవచ్చును. కావున ప్లగ్గు ఊడదీసి, నిమిషమాగి, పిడిగల కొక్కెమును భూమికి కలిపి, ప్లేటును తాకించి, అటుపిమ్మట మాత్రమే చేయి పెట్టవలెను. ఒక చేతిని జేబులో నుంచుకొనుట ఈ పనియందు మంచి అలవాటు.

తుపాను రాత్రి కరెంటు పోయినప్పుడు ఈ వర్ధకము మూగదగును. బ్యాటరీపై నడచు పది వాట్ల చిన్నయంత్రమే అప్పుడు పలుకును. కావున ఔత్సాహికుడు దానిని ఎన్నడును విడువరాదు. పెద్దయంత్రమును కట్టుటవలన లాభించునది వాట్లకంటె లెక్కయు, జాగ్రత్తయు. ఆపదనాడు అక్కరకు వచ్చునవియు అవియే.