ఉక్కు ఊళ్ళో పుట్టిన బరువు: బ్లాక్ సబ్బాత్ చెవుల్లో ఏమేం ఉన్నాయి?

మా హాస్టల్లో రాక్ వినే బ్యాచ్ అంతా నమ్మే థియరీ ఒకటుంది. బ్లాక్ సబ్బాత్ పాట అంత బరువుగా ఎందుకుంటుందని అడిగితే ఠక్కున చెప్తారు: "బర్మింగ్‌హామ్ కదరా! అంతా ఫ్యాక్టరీలే. పొద్దున్న లేస్తే సుత్తి దెబ్బలు, ప్రెస్సుల చప్పుడు. అదే గిటార్లోకి దిగింది." వినడానికి బాగుంటుంది. ఆ బ్యాండ్ వాళ్ళు కూడా ఇంటర్వ్యూల్లో తమ ఊరి ఫ్యాక్టరీల గురించి చాలాసార్లు చెప్పారు కాబట్టి కొట్టిపారెయ్యలేం.

కానీ నాకు ఒక అనుమానం. చప్పుడే సంగీతమైపోతే మన గాజువాక, కూర్మన్నపాలెంలో వీధికో హెవీ మెటల్ బ్యాండ్ ఉండాలి. మనకి పోర్టు 1933 నుంచి ఉంది. షిప్‌యార్డ్ ఉంది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన స్టీల్ ప్లాంట్ ఉంది. రాత్రిపూట ఓడల హారన్లు, గూడ్స్ రైళ్ళు సరేసరి. అయినా మన కాలేజీ ఫెస్టుల్లో బ్యాండ్లు వాయించేది ఎక్కువగా కవర్ సాంగ్సే. అంటే ఆ థియరీలో ఏదో లింకు తెగింది. అది వెతకాలంటే ఆ నలుగురూ ఏం విన్నారో చూడాలి.

నలుగురూ బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ ప్రాంతం కుర్రాళ్ళు. గిటార్ టోనీ అయోమీ, బేస్ గీజర్ బట్లర్ (అవును, మన బాత్‌రూమ్ గీజరే గుర్తొస్తుంది, ఏం చేస్తాం), డ్రమ్స్ బిల్ వార్డ్, పాట ఆజీ ఆస్బోర్న్. 1968లో కలిసినప్పుడు వాళ్ళది బ్లూస్ బ్యాండ్. అమెరికా నల్లజాతి వాళ్ళ బ్లూస్ ఇంగ్లండ్ కుర్రకారుని ఊపేస్తున్న కాలం అది. అందరిలాగే వీళ్ళూ క్రీమ్ బ్యాండ్‌నీ, జాన్ మేయల్‌నీ వింటూ మొదలుపెట్టారు. బట్లర్ మొదట గిటారిస్టే. బేస్ చేతికి తీసుకున్నాక అతనికి గురువులాంటివాడు క్రీమ్ బేసిస్ట్ జాక్ బ్రూస్. ఈ బ్లూస్ కథ ఏ బ్రిటిష్ బ్యాండ్‌కైనా ఒకటే కాబట్టి దీన్ని ఇక్కడితో వదిలేస్తాను.

అసలు కథ అయోమీ చేతివేళ్ళ దగ్గర ఉంది. 1965లో అతనికి 17 ఏళ్ళు. రేకులు కత్తిరించి వంచే ఫ్యాక్టరీలో పని. ఒక బ్యాండ్‌తో యూరప్ టూర్‌కి వెళ్ళబోతూ ఉద్యోగం మానేశాడు. అదే ఆఖరి రోజు. ఆ రోజు మెషీన్ కుడిచేతి మధ్యవేలు, ఉంగరం వేలు కొసలు తెగ్గొట్టేసింది. కుడిచెయ్యే కదా అనుకోకండి, అతను ఎడమచేతివాటం. తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేత్తోనే. ఇక వాయించలేవన్నారు. అప్పుడు ఫ్యాక్టరీ మేనేజర్ ఇంటికొచ్చి ఒక రికార్డు వినమన్నాడు. విన్నాక చెప్పాడట, ఇది వాయించినవాడికి ఎడమచేతిలో రెండు వేళ్ళు పనిచెయ్యవని. ఆ వాయించినవాడు జాంగో రైన్‌హార్ట్, 1928లో బండికి నిప్పంటుకుని చెయ్యి కాలిపోయిన జాజ్ గిటారిస్ట్. రెండు వేళ్ళతోనే మొత్తం యూరప్ జాజ్‌ని మార్చేసినవాడు.

ఇక్కడే మా బ్యాచ్ థియరీ తిరగబడుతుంది. ఫ్యాక్టరీ ఇతని వేళ్ళు తీసుకుంది, నిజమే. కానీ మళ్ళీ గిటార్ పట్టించింది ఫ్యాక్టరీ చప్పుడు కాదు, ఒక జాజ్ రికార్డు.

తర్వాత జరిగింది మన మెకానికల్ వాళ్ళకి బాగా నచ్చుతుంది. అంట్లు తోమే లిక్విడ్ ప్లాస్టిక్ సీసా కరిగించి, వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు. తీగ జారకుండా పాత తోలు జాకెట్టు ముక్క పైన అతికించాడు. తొడుగు కింద స్పర్శ తెలీదు. మామూలు గిటార్ తీగలు మందం, నొక్కితే నొప్పి. పల్చటి తీగల కోసం బాంజో తీగలు తెచ్చి బిగించాడు. అదీ చాలక 1971లో వచ్చిన 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' ఆల్బమ్‌లో కొన్ని పాటలకి తీగల్ని మూడు అరమెట్లు కిందికి వదులు చేశాడు.

మూడు అరమెట్లంటే ఎంతో లెక్క కట్టి చూద్దాం. గిటార్లో అన్నిటికంటే మందమైన తీగ మామూలుగా 82.4 హెర్ట్జ్. మూడు అరమెట్లు దించితే 69.3 హెర్ట్జ్. తీగ ఫ్రీక్వెన్సీ దాని బిగువు వర్గమూలాన్ని బట్టి మారుతుందని ఇంటర్ ఫిజిక్స్‌లోనే చదివాం. ఫ్రీక్వెన్సీ 0.84 వంతుకి తగ్గితే బిగువు 0.707 వంతుకి పడిపోతుంది. అంటే వేలు మీద దాదాపు 29 శాతం భారం తగ్గింది! స్వరం కిందికి దిగింది, తీగ వదులైంది, వేలికి సుఖం. తర్వాత దశాబ్దాలపాటు మెటల్ గిటారిస్టులు గిటార్లు దించుకుంటూ పోయింది ఈ దారిలోనే.

ఇంకోటి కూడా ఉంది. వేళ్ళు సరిగ్గా లేనివాడికి ఆరు తీగల నిండు కార్డులు కష్టం. అందుకే అతని పాటల్లో ఎక్కువగా వినిపించేది రెండు స్వరాల పవర్ కార్డు. భయపడకండి, అది మన స-ప. తంబురా రోజంతా చెప్పేది అదే. స, ప ఫ్రీక్వెన్సీలు 2కి 3 నిష్పత్తిలో ఉంటాయి. ఆంప్లిఫయర్‌ని బాగా పెంచి సిగ్నల్ చీలిపోయేలా చేస్తే ఆ రెండింటి తేడా కూడా మూడో స్వరంగా పుడుతుంది. మూడులోంచి రెండు తీసేస్తే ఒకటి, అంటే మనం వాయించిన షడ్జమానికి ఒక స్థాయి కిందిది. ఎవరూ మీటని మంద్ర షడ్జమం అన్నమాట. వాయించింది రెండు వేళ్ళతో, వినిపించేది గోడ కదిలినట్టు. నిండు కార్డుని ఇలాగే చీలిస్తే చాలాసార్లు గజిబిజి అవుతుంది.

ఇక రెండో పెద్ద ముక్క, బ్యాండ్ పేరే పెట్టుకున్న పాట. 1969 అక్టోబర్‌లో ఒక్క రోజులో రికార్డు చేసి, 1970 ఫిబ్రవరి 13న విడుదల చేసిన మొదటి ఆల్బమ్ ఈ పాటతోనే మొదలవుతుంది. వాన, గుడి గంటలాంటి చర్చి గంట, ఆ తర్వాత గిటార్ రిఫ్. రిఫ్ అంటే పాటలో పదేపదే తిరిగొచ్చే చిన్న పలుకు. దాని పుట్టుక గురించి బట్లర్ చెప్పే కథ ఇదీ: అతనికి ఇంగ్లిష్ స్వరకర్త గుస్తావ్ హోల్స్ట్ రాసిన 'ద ప్లానెట్స్' అంటే పిచ్చి. అందులో కుజగ్రహం మీద 1914లో రాసిన 'మార్స్' భాగం అయిదు దెబ్బల లెక్కలో యుద్ధం వచ్చేస్తున్నట్టు నడుస్తుంది. బట్లర్ రిహార్సల్లో బేస్ మీద దాన్ని గిల్లుతూ కూర్చున్నాడు. మర్నాడు అయోమీ ఈ రిఫ్‌తో వచ్చాడు.

రిఫ్‌లో ఉన్నవి మూడే స్వరాలు. మన లెక్కలో చెప్పాలంటే షడ్జమం, తారషడ్జమం, ప్రతి మధ్యమం. అంతే! ఆ ప్రతి మధ్యమాన్ని కంపిత గమకంలాగా వణికిస్తాడు. స నుంచి ఆ మధ్యమానికి ఆరు అరమెట్లు, సరిగ్గా స్థాయిలో సగం. పాశ్చాత్య సంగీత గురువులు ఈ దూరానికి 'సంగీతంలో సైతాను' అని పేరు పెట్టారు. చర్చి దీన్ని నిషేధించిందని నెట్టంతా తిరుగుతుంటుంది గానీ అది జనం పెంచిన కథ.

ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే మన 72 మేళకర్తల్లో సరిగ్గా సగం, 36 రాగాల్లో ఉండేది ఆ సైతానే. కల్యాణి రాగంలో ఉంది. త్యాగరాజస్వామి 'నిధి చాల సుఖమా' కట్టింది ఆ రాగంలోనే. అక్కడ ఎవరికీ భయం వెయ్యదు. మరి ఇక్కడ ఎందుకు వేస్తుంది? నాకర్థమైనంతలో, భయం ఆ స్వరంలో లేదు, పక్కన ఎవరూ లేకపోవడంలో ఉంది. కల్యాణిలో ప్రతి మధ్యమానికి అటు గాంధారం, ఇటు పంచమం చెరో చెయ్యి పట్టుకుని ఉంటాయి. అది పంచమం ఒళ్ళోకి వెళ్ళి కూర్చుంటుంది. అయోమీ ఆ ఇద్దర్నీ తీసేశాడు. వేగం కూడా బాగా తగ్గించి, దాన్ని ఒంటరిగా వేలాడదీశాడు. మీ ఫోన్లో పియానో యాప్ ఉంటే స, పై స, ప్రతి మధ్యమం నెమ్మదిగా నొక్కి చూడండి. తర్వాత మధ్యమం నుంచి పంచమానికి వెళ్ళండి. లైటేసినట్టుంటుంది.

ఇంజినీరింగ్ వాళ్ళం కాబట్టి ఒక చిన్న పిచ్చి విషయం: ఆ మధ్యమం నిష్పత్తి మన నేటి ట్యూనింగులో రూట్ 2. అయోమీ తీగల బిగువు తగ్గిన నిష్పత్తి ఒకటి బై రూట్ 2. కాకతాళీయమే, అయినా రాసుకోకుండా ఉండలేకపోయాను.

బిల్ వార్డ్ సంగతి చాలామంది పట్టించుకోరు. అతని హీరోలు జీన్ క్రూపా, బడ్డీ రిచ్. ఇద్దరూ పెద్ద జాజ్ బృందాల డ్రమ్మర్లు. ఫ్యాక్టరీ ప్రెస్సు ఎప్పుడూ ఒకే దూరంలో దెబ్బ వేస్తుంది. వార్డ్ అలా వెయ్యడు. జాజ్ స్వింగ్‌లో దెబ్బ కొంచెం ఊగుతుంది, మన తిశ్ర నడక లాంటి ఊపు. 'వికెడ్ వరల్డ్' మొదటి కొన్ని సెకన్లు వినండి, జాజ్ క్లబ్బులోకి అడుగుపెట్టినట్టే ఉంటుంది. రాయిలాంటి గిటార్ కింద ఈ ఊపు ఉండటం వల్లే ఆ పాటలు ఊపిరి పీల్చుకుంటాయి. తర్వాతొచ్చిన చాలా మెటల్ బ్యాండ్లు బరువు తీసుకుని ఊపు వదిలేశాయి. అందుకే అవి పావుగంటకే తలనొప్పి తెప్పిస్తాయని నా అభిప్రాయం. కొట్టుకోవాలనుకుంటే క్యాంటీన్‌కి రండి.

ఆజీ అయితే బీటిల్స్ భక్తుడు. రేడియోలో 'షి లవ్స్ యు' విన్న రోజునే తన జీవితం తేలిపోయిందని ఎప్పుడూ చెప్పేవాడు. అతని గొంతు ఎంత చీకటి పాటలోనైనా బాణీని సూటిగా పట్టుకుంటుంది, ఎవరైనా కూడా పాడుకునేలా. బ్యాండ్ పెట్టకముందు కబేళాలో పనిచేశాడు, కార్ల హారన్లు శ్రుతి చేసే పనీ చేశాడు. రోజంతా హారన్లు వింటూ కూర్చున్నవాడు ఇంటికెళ్ళి పెట్టుకున్నది మాత్రం బీటిల్స్!

అయితే బర్మింగ్‌హామ్‌కి వాటా లేదా? ఉంది. చప్పుడు రూపంలో కంటే ఎక్కువగా, తప్పించుకోవాల్సిన జీవితం రూపంలో. 1968 చివర్లో అయోమీ కొద్దిరోజులు జెత్రో టల్ బ్యాండ్‌కి వెళ్ళాడు. అక్కడ వాళ్ళు ఆఫీసుకెళ్ళినట్టు పొద్దున్నే రిహార్సల్‌కి రావడం చూశాడు. తిరిగొచ్చి తనవాళ్ళనీ అలాగే లేపాడు. షిఫ్టు క్రమశిక్షణ సంగీతంలోకి అలా వచ్చింది. బట్లర్ రాసిన మాటల్లో యుద్ధం, పేదవాడి చావు, అణుబాంబు ఉన్నాయి. పువ్వులూ ప్రేమా అని పాడుతున్న కాలంలో అలా రాయడానికి ఆ ఊరు కావాలి. 2025 జూలై 5న ఆఖరి కచేరీకి కూడా నలుగురూ ఆస్టన్‌లోనే, విల్లా పార్క్ స్టేడియంలో కలిశారు. 17 రోజుల తర్వాత ఆజీ పోయాడు.

ఇప్పుడు మన ఊరికొద్దాం. విశాఖ యంత్రాల మధ్య నుంచి పాట రాలేదా అంటే వచ్చింది. మనం రాక్ అరలో వెతికాం కాబట్టి కనబడలేదు. వంగపండు ప్రసాదరావు 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టి, ఇక్కడ హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో పనిచేసినవాడు. యంత్రం ఎలా నడుస్తోందో విప్పిచెప్పే ఆయన పాట మన నాన్నల తరానికి కంఠతా వచ్చు. ఆయన కూడా యంత్రం చప్పుడుని అనుకరించలేదు. చిన్నప్పటినుంచీ చెవుల్లో ఉన్న ఉత్తరాంధ్ర జానపద బాణీలు, యాస తెచ్చి యంత్రం ముందు నిలబెట్టాడు. అయోమీకి జాంగో ఎలాగో ఈయనకి ఊరి పాట అలాగ. 2020 ఆగస్టు 4న ఆయన పోయినప్పుడు మేం స్కూల్లో ఉన్నాం, ఆన్‌లైన్ క్లాసులు. మా సార్ ఒకాయన క్లాసు ఆపి ఆ పాట పాడారు, నెట్ సరిగ్గా లేక సగమే వినబడింది.

"రాక్ మన కల్చర్ కాదు" అనేవాళ్ళకి నేను చూపించేది జముకు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో జముకులకథ చెప్పేవాళ్ళు వాయించే వాద్యం. ఒకవైపు తోలు, ఆ తోలు మధ్యనుంచి ఒకే ఒక్క తీగ. బిగించి లాగితే స్వరం పైకి, వదిలితే కిందికి. బిగువుతో స్వరాన్ని వంచడమే దాని పని, పైన చెప్పిన ఫార్ములా అంతా అక్కడే ఉంది. కంఠం కంటే ముందు కడుపులో మోగే శబ్దం అది.

దానికి పది రూపాయల పైజో డిస్కు అతికించి డిస్టార్షన్ పెడల్‌లోంచి పంపిస్తే ఏమవుతుందో ఎవరైనా చూశారా? ఈసీఈ ఫ్రెండ్ ఒకడు ప్రీఆంప్ సర్క్యూట్ కట్టేశాడు. జముకు మాత్రం ఇంకా దొరకలేదు. సంక్రాంతి సెలవుల్లో ఎస్.కోట వైపు వెళ్ళి, వాయించే పెద్దాయన ఎవరైనా ఒప్పుకుంటే ఆయన చేతే వాయించాలని ప్లాన్. మీ ఊళ్ళో ఎవరైనా ఉంటే క్లబ్బుకి చెప్పండి.