చూసే అధికారం ఉంది, ఆపే అధికారం లేదు: రువాండాలో జనరల్ డల్లేర్

ఈ ఎపిసోడ్‌లో ఒక సైనికాధికారి గురించి మాట్లాడుకుందాం. యుద్ధం గెలిచిన వీరుడి కథ కాదిది. కళ్ళముందే లక్షల మందిని చంపేస్తుంటే ఆపలేకపోయిన మనిషి కథ. పేరు రోమియో డల్లేర్, కెనడా సైన్యంలో జనరల్. 1994లో ఆఫ్రికాలోని రువాండాలో ఐక్యరాజ్యసమితి శాంతి దళానికి ఆయనే కమాండర్. ఆయన ఎందుకు ఆపలేకపోయారు? ఆ బరువు ఆయన మీదే ఎందుకు పడింది? ఈ రెండు ప్రశ్నలూ చూద్దాం.

ముందు రువాండా ఎంత దేశమో ఒక అంచనాకి వద్దాం. విస్తీర్ణంలో మన ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలు రెండూ కలిపినదానికంటే పెద్దది. జనాభా అప్పట్లో సుమారు 70 లక్షలు. అంత చిన్న దేశంలో దాదాపు వంద రోజుల్లో సుమారు 8 లక్షల మందిని చంపేశారు. 2011 లెక్కల్లో రాజమండ్రి నగర జనాభా మూడు లక్షల నలభై వేలు. అంటే రెండు రాజమండ్రిలు ఖాళీ అయిపోయినా ఇంకా లెక్క తేలదు. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది టుట్సీలు. చంపడానికి ఒప్పుకోని హుటూలని కూడా వదల్లేదు.

హుటూలు, టుట్సీలు మాట్లాడేది ఒకటే భాష. ఊళ్ళు ఒకటే, పెళ్ళిళ్ళు కూడా జరిగేవి. కానీ బెల్జియం పాలనలో, 1930లలో, గుర్తింపు కార్డు మీద ఎవరు ఏ జాతో రాయడం మొదలైంది. 1994లో రోడ్డు మీద గేటు పెట్టి ఆ కార్డే అడిగారు. కార్డు మీద టుట్సీ అని ఉంటే ప్రాణం పోయినట్టే.

డల్లేర్ 1993 అక్టోబరులో అక్కడికి వెళ్ళారు. అప్పటికి హుటూ ప్రభుత్వానికి, టుట్సీల ఆధ్వర్యంలోని ఆర్‌పీఎఫ్ అనే తిరుగుబాటు సైన్యానికి మధ్య ఒప్పందం కుదిరింది. ఆ ఒప్పందం అమలయ్యేలా చూడటమే శాంతి దళం పని. మంజూరైంది సుమారు 2,500 మంది. సాయుధ వాహనాలు 22 అడిగితే 8 వచ్చాయి, వాటిలో సరిగ్గా నడిచేవి ఐదు.

ఇక్కడ మాండేట్ అనే మాట అర్థం చేసుకోవాలండి. శాంతి దళం ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో భద్రతా మండలి రాసిచ్చే హద్దు అన్నమాట. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాళ్ళకి వెంటనే తెలుస్తుంది: మీకు సర్వర్‌కి వ్యూ యాక్సెస్ మాత్రమే ఇచ్చారు. లాగ్స్ చదవొచ్చు, అలర్ట్ పంపొచ్చు. కానీ నడుస్తున్న ప్రాసెస్‌ని ఆపే బటన్ మీ దగ్గర లేదు. డల్లేర్‌కి ఇచ్చింది దాదాపు అలాంటిదే.

అలర్ట్ పంపారా? పంపారు. 1994 జనవరి 11న న్యూయార్క్‌కి ఒక ఫ్యాక్స్ వెళ్ళింది. ఇంటెరహామ్వే అనే హుటూ మిలీషియాలో శిక్షణ ఇచ్చే మనిషి ఒకడు వచ్చి సమాచారం ఇచ్చాడు. కిగాలీ నగరంలో టుట్సీల పేర్లు జాబితా రాయమన్నారని, తన మనుషులు 20 నిమిషాల్లో వెయ్యి మందిని చంపగలరని, ఆయుధాలు ఎక్కడ దాచారో చూపిస్తానని చెప్పాడు. 36 గంటల్లోగా దాడి చేసి ఆ ఆయుధాలు పట్టుకుంటానని డల్లేర్ రాశారు.

జవాబు ఏమొచ్చిందో తెలుసా? వద్దు, అది మీ మాండేట్‌లో లేదు అని. పైగా ఈ సమాచారం రువాండా అధ్యక్షుడికే చెప్పమన్నారు. ఆ మిలీషియా ఎవరిదనుకున్నారు? ఆ అధ్యక్షుడి పార్టీదే. అప్పుడు న్యూయార్క్‌లో శాంతి దళాల విభాగానికి అధిపతి కోఫీ అన్నన్, తర్వాత ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి అయ్యారు.

గోదావరి జిల్లాల వాళ్ళకి ప్రమాద హెచ్చరిక అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు తాకితే మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ప్రతి హెచ్చరిక వెనక ఒక పని ఉంటుంది: పడవలు పెట్టడం, లంకల్లో జనాన్ని ఒడ్డుకి చేర్చడం. పని లేని హెచ్చరిక ఉత్త నంబరే. జనవరి ఫ్యాక్స్‌కి ఆ గతే పట్టింది. తేడా ఒకటుంది. వరద ఎవరి మీదా పగబట్టి రాదు. రువాండాలో జరిగింది మనుషులు కూర్చుని ప్లాన్ చేసింది. మొదటి హెచ్చరికకి ఎవరూ కదలకపోతే, ప్లాన్ చేసినవాళ్ళకి ధైర్యం వస్తుంది.

ఏప్రిల్ 6 రాత్రి అధ్యక్షుడు హబ్యారిమానా విమానాన్ని కూల్చేశారు. మర్నాడు ప్రధాని అగాత్ ఉవిలింగియిమానాని చంపేశారు. ఆమెకి రక్షణగా వెళ్ళిన పదిమంది బెల్జియం సైనికులని కూడా చంపేశారు. ఆ రోజు డల్లేర్ ఆ సైనిక శిబిరం పక్కనుంచే వెళ్ళారు. లోపల బెల్జియం సైనికులు నేల మీద పడి ఉండటం చూశారు. దాడి చేసి విడిపించేంత బలం తన దగ్గర లేదని ఆయన లెక్క. చనిపోయిన సైనికుల కుటుంబాలు ఆ లెక్కని ఒప్పుకోలేదు. ఎందుకు ప్రయత్నించలేదని అడిగారు. ఆ ప్రశ్న అడిగే హక్కు వాళ్ళకి ఉంది.

తర్వాత బెల్జియం తన దళాన్ని వెనక్కి పిలిచింది. ఏప్రిల్ 11న కిగాలీలో ఒక టెక్నికల్ స్కూల్ నుంచి బెల్జియం సైనికులు వెళ్ళిపోయారు. వాళ్ళని నమ్ముకుని అక్కడ సుమారు రెండు వేల మంది తలదాచుకున్నారు. వాళ్ళలో చాలామందిని గంటల్లోనే చంపేశారు. అదే సమయంలో విదేశీయులని తీసుకెళ్ళడానికి ఫ్రాన్స్, బెల్జియం, ఇటలీ సైనికులు వచ్చారు, తమవాళ్ళని ఎక్కించుకుని వెళ్ళిపోయారు. ఏప్రిల్ 21న భద్రతా మండలి ఇంకో తీర్మానం చేసింది. బలగాన్ని పెంచలేదండి, 270 మందికి తగ్గించింది. ఆ ఏడాది రువాండా ప్రభుత్వానికి కూడా భద్రతా మండలిలో ఒక సీటు ఉంది.

అయినా డల్లేర్ పూర్తిగా వెనక్కి రావడానికి ఒప్పుకోలేదు. ఘనాకి చెందిన బ్రిగేడియర్ హెన్రీ అన్యిదోహో, ఆయన సైనికులు కూడా ఉండిపోయారు. నాలుగు వందల పైచిలుకు మందితో అమహోరో స్టేడియం లాంటి చోట్ల వేలాది ప్రాణాలు కాపాడారు. సెనెగల్ కెప్టెన్ ఎంబాయే డియాన్యే అయితే చంపబడిన ప్రధాని పిల్లలని దాచి బయటపడేశారు. చేతిలో ఆయుధం లేకుండా, గేటు తర్వాత గేటు దాటిస్తూ వందల మందిని కాపాడారు. మే 31న మోర్టార్ పేలి చనిపోయారు. జూలైలో ఆర్‌పీఎఫ్ దేశాన్ని గెలిచాకే మారణహోమం ఆగింది.

ఆగస్టులో డల్లేర్ ఇంటికి వెళ్ళారు. మనిషి వెళ్ళారు గానీ మనసు కిగాలీలోనే ఉండిపోయింది. నిద్ర లేదు, ఆత్మహత్యాయత్నాలు. 2000లో ఆరోగ్య కారణాలతో సైన్యం నుంచి పంపేశారు. ఆ జూన్‌లో మందులు, మద్యం కలిసి స్పృహతప్పి ఒక పార్కు బెంచీ కింద దొరికారు. దాన్ని దాచుకోకుండా పీటీఎస్‌డీ గురించి బహిరంగంగా మాట్లాడారు. సైనికుడి మానసిక గాయాన్ని పిరికితనం అనే రోజుల్లో అది చిన్న విషయం కాదు. అంతర్జాతీయ కోర్టులో సాక్ష్యం చెప్పారు, 2003లో పుస్తకం రాశారు, తర్వాత బాల సైనికులు లేకుండా చేసే పనిలో దిగారు.

1999లో ఐక్యరాజ్యసమితి వేయించిన విచారణ ఏం తేల్చింది? వైఫల్యం మొత్తం వ్యవస్థది, సభ్య దేశాలకి వనరులివ్వాలన్న మనసు లేకపోయింది అని. అయినా డల్లేర్ మాత్రం కమాండర్‌గా బాధ్యత నాదే అంటూ వచ్చారు. అధికారం ఉన్నవాళ్ళు దూరంగా ఉన్నారు, వాళ్ళకి అదొక ఫైలు. దగ్గరున్న ఆయనకి ముఖాలు కనిపించాయి. అపరాధ భావం అధికారాన్ని బట్టి రాదండి, చూసినదాన్ని బట్టి వస్తుంది. అలాగని ఇది ఆయన ఒక్కడి విషాదం కాదు. రువాండాలో పిల్లల్ని, తోబుట్టువుల్ని పోగొట్టుకున్నవాళ్ళ బాధ ముందు, ఆయనది తర్వాత.

మనకెందుకు ఇదంతా అంటారా? ఇప్పటిదాకా రెండు లక్షల మందికి పైగా మన భారత సైనికులు శాంతి దళాల్లో పనిచేశారు. మారణహోమం ముగిశాక రువాండాకి కూడా వెళ్ళారు. రేపు మన జిల్లా కుర్రాడికే అలాంటి డ్యూటీ పడొచ్చు. కాబట్టి ఎక్కడికైనా దళాన్ని పంపుతున్నారని వార్త వస్తే, ఎంతమంది అన్నదాంతో ఆగకండి. ప్రమాదం కనిపిస్తే ఆపే అధికారం వాళ్ళకి రాసిచ్చారా లేదా, అది అడగండి.

మీ అభిప్రాయం చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.