దూరాన ఉన్నా ఇంటి కంప్యూటర్ – తాళం మాత్రం భద్రం!

మన హాస్టల్లో కలిసి చదువుకున్న వాళ్ళం చదువుల కోసం, ఉద్యోగాల కోసం తలో ఊరు చేరాం. కంప్యూటర్ మాత్రం చాలామందికి ఇంట్లోనే ఉంటుంది. పదో తరగతి మెమో, కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం స్కాన్ చేసి అందులోనే దాచుకుంటాం. హైదరాబాదులో కౌన్సెలింగ్ వరుసలో నిలబడ్డాక ఒక పత్రం తక్కువైతే ఏం చేయాలి? జనగామకో, మానుకోటకో రైలెక్కి వెళ్ళి రావాలన్నా పూట గడుస్తుంది. భూపాలపల్లికైతే రైలే లేదు. ఇలాంటప్పుడు ఆదుకునేదే 'రిమోట్ యాక్సెస్', అంటే ఇంటి కంప్యూటర్‌ను దూరం నుంచి తెరవడం.

ఇందుకు క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ వంటి ఉచిత సాధనాలున్నాయి. బయలుదేరక ముందే ఇంటి కంప్యూటర్‌లో దానిని పెట్టుకొని, కనీసం ఆరు అంకెల పిన్ ఏర్పాటు చేసుకోవాలి. తర్వాత మన ఫోన్‌లో అదే గూగుల్ ఖాతాతో ప్రవేశించి పిన్ కొడితే ఇంటి తెర కనిపిస్తుంది. మధ్యలో సమాచారం సంకేత రూపంలో ప్రయాణిస్తుంది కాబట్టి దారిలో ఎవరూ చదవలేరు. అయితే ఇంట్లో కరెంటు, నెట్ ఉండాలి. కంప్యూటర్ 'స్లీప్'లోకి పోకుండా ముందే మార్చి పెట్టుకోవాలి.

మనకు తెరుచుకునే తలుపు దొంగకూ తెరుచుకోగలదు. అందుకే ఈ జాగ్రత్తలు తప్పనిసరి:

1. గూగుల్ ఖాతాకు రెండంచెల తనిఖీ పెట్టుకోవాలి. పాస్‌వర్డ్ తెలిసినా రెండో అంచె దాటనిదే ఎవరూ లోపలికి రాలేరు. పుట్టిన తేదీని, హాల్‌టికెట్ నంబరును పిన్‌గా పెట్టకూడదు.

2. విండోస్‌లోని రిమోట్ డెస్క్‌టాప్‌ను వాడేవాళ్ళు దాని 3389 పోర్టును రూటర్‌లో నేరుగా ఇంటర్నెట్‌కు తెరవకూడదు. వి.పి.ఎన్. ద్వారానే రావాలి. ఈ సాధనంలో పాస్‌వర్డ్ లేకుండానే చొరబడే వీలున్న 'బ్లూకీప్' లోపం 2019 మేలో బయటపడింది. పాత విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ సవరణ ఇవ్వాల్సి వచ్చింది.

3. అప్‌డేట్లు వాయిదా వేయరాదు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

4. నెట్ సెంటర్ కంప్యూటర్‌లో మన పాస్‌వర్డ్ కొట్టకూడదు. మీటలు నొక్కినవన్నీ రాసుకునే దొంగ ప్రోగ్రాములుంటాయి. సొంత ఫోన్, సొంత డేటా మేలు.

5. పని అయ్యాక ఇంటి కంప్యూటర్‌ను లాక్ చేసి బయటకు రావాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి. "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, ఎనీడెస్క్ పెట్టుకొని నంబరు చెప్పండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే వెంటనే పెట్టేయాలి. ఇలాంటి మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ఆ నంబరు చెప్పి అనుమతిస్తే మన తెర వాళ్ళ చేతిలో ఉన్నట్టే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

మిత్రులారా! ఈ సంగతి మనం తెలుసుకుంటే చాలదు. ఇంట్లో ఆ కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మానాన్నలకు, తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు కూడా చెబుదాం.